వెర్ల్ నడుముకి కొత్త ఒర

ఒరని మూతి దగ్గర పట్టుకుని ఒక్కసారి వాసన చూసి, ట్రూడీ దాన్ని పనిబల్ల మీదకి విసిరేసింది. చెమట, కాలిన ప్లాస్టిక్, ఎప్పుడో ఒలికిన బార్బెక్యూ సాసు, మూడూ కలిసి గుప్పుమన్నాయి. పిస్టల్ పెట్టుకునే ఒరకి నూనె వాసన రావాలి. దీనికి మనిషి బొడ్డు వాసన వస్తోంది.

“అలా మొహం పెట్టకే,” అంది గుమ్మంలో నిలబడ్డ ఓపల్. “మా ఆయనదేగా, పరాయివాడిదేం కాదుగా.”

“మీ ఆయనదైతే కంపు కొట్టదా?”

ఓపల్ ట్రూడీకి సొంత అక్క. రోడ్డుకి అవతల ఇల్లు. అయినా ఎప్పుడూ ఈ షెడ్డులోకి అడుగు పెట్టదు, ప్లాస్టిక్ కాగే వాసన పడదంటుంది. ఇవాళ సోమవారం పొద్దున్నే, తల కూడా దువ్వుకోకుండా, కిరాణా సంచిలో మొగుడి ఒర పెట్టుకుని వచ్చిందంటే ఎందుకో ట్రూడీకి తెలుసు. మిస్సోరీ దక్షిణాన ఈ కొండల్లో నిన్నటి సంగతి తెలియనివాళ్ళు లేరు.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో అందరూ భోజనాలకి చేరారు. వెర్ల్, అంటే ఓపల్ మొగుడు, చర్చి కాపలా దళానికి పెద్ద. ఆరాధన జరిగినంతసేపూ చొక్కాల కింద పిస్టళ్ళు పెట్టుకుని తలో మూలా నిలబడే తొమ్మిదిమంది మగవాళ్ళ దళం అది. వెర్ల్ నిలబడేది పసిపిల్లల గది తలుపు దగ్గర. ఆ చోటు తనే కోరి తీసుకున్నాడు. అందరి కళ్ళూ పడే చోటు మరి. మడత కుర్చీల దొంతర ఎత్తడానికి వంగాడు, నడుము దగ్గర ఒరలోంచి పిస్టల్ జారింది. జారితే జారనివ్వాలి. ఈ కాలం పిస్టళ్ళు కిందపడితే పేలవు, పట్టుకోబోతేనే పేలతాయి. తుపాకీ చేతపట్టిన మొదటి రోజు మొదటి గంటలో ఎవరైనా నేర్పే ముక్క అది. వెర్ల్ దాన్ని గాల్లోనే అందుకోబోయాడు. వేలు ట్రిగ్గర్ మీద పడింది.

తూటా పలచటి చెక్కగోడ దాటి పసిపిల్లల గదిలోకి పోయింది. డైపర్ల కట్టని చీల్చుకుని, పిల్లలకి బట్టలు మార్చే బల్లలో దిగబడింది. ఆ గది చూసుకునే కెండ్రా అనే అమ్మాయి తన ఎనిమిది నెలల కూతుర్ని అప్పుడే ఆ బల్ల మీంచి ఎత్తుకుని, ఒళ్ళు కడగడానికి సింకు దగ్గరకి తీసుకెళ్ళింది. బల్లకీ సింకుకీ మధ్య రెండడుగులు.

ఆ తర్వాత జరిగిందంతా ట్రూడీ కళ్ళారా చూసింది. పాస్టర్ లైల్ చేతులెత్తి, “దేవుని కాపుదల! స్తోత్రం!” అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. షెరీఫ్ ఆఫీసునుంచి ఒకాయన వచ్చాడు. ఆయనా వెర్లూ కలిసి చేపలు పడతారు. పొరపాటున జరిగిందని కాయితం మీద రాసుకుని, పీచ్ పళ్ళతో చేసిన పై రొట్టె రెండు ముక్కలు తిని వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్ళగానే వెర్ల్ జేబులో చాకు తీసి, బల్లలో దిగిన తూటాని తవ్వి తీసుకుని జేబులో వేసుకున్నాడు. కెండ్రా అదే గదిలో, అదే బల్ల పక్కన, పిల్లని రొమ్ముకి అదుముకుని వణుకుతూనే ఉంది. ఆమెకి మంచినీళ్ళిచ్చిన నాథుడు లేడు.

“ఆయన కాపలా సంగతి తేల్చడానికి బుధవారం చర్చి పెద్దలు కూర్చుంటున్నారు,” అంది ఓపల్. “నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే చాలు. ఒరలోనే ఏదో లోపం ఉందని. స్క్రూ వదులైందని చెప్పు, ఇంకేదో చెప్పు. నీకేం పోతుంది?”

ట్రూడీకి పట్టరాని కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా ఈ షెడ్డులో ప్లాస్టిక్ రేకుతో పిస్టల్ ఒరలు చేస్తోంది. దానికి ముందు వాళ్ళ నాన్న తోలుతో చేసేవాడు. ఒర చేసేవాడికి రెండే రెండు ధర్మాలు, అక్కర్లేనప్పుడు పట్టుకోవాలి, అక్కరకి వదలాలి. ఆమె ప్రతి ఒరనీ ఖాళీ పిస్టల్‌తో తలకిందులు చేసి, తన పాదం మీదే పట్టుకుని ఇరవైసార్లు దులుపుతుంది. పిస్టల్ లోపలికి వెళ్ళి కూర్చున్నప్పుడు టక్కుమని చప్పుడు రాకపోతే ఆ ఒర షెడ్డు దాటదు. ఒక్క ఒర కూడా తిరిగి రాలేదు.

ఆమె వెర్ల్ ఒరని దీపం కింద పెట్టి, అక్కని జబ్బ పట్టుకుని దగ్గరికి లాగింది.

“చూడు. ఇక్కడ పైన గరుకుగా ఉందా? ఇక్కడ చూడు, నున్నగా మెరుస్తోంది. అంచు అలలు తేలింది. ఎవరో వేడి చేశారు దీన్ని. ఈ స్క్రూ చూడు, నేను బంక పెట్టి బిగించాను, ఆ బంక విరగ్గొట్టి మూడు చుట్లు వదులు చేశారు. ఏం చేశాడు మీ ఆయన?”

ఓపల్ కిరాణా సంచిని మడవసాగింది.

“మే నెల్లో కొత్త పిస్టల్ కొన్నాడు. పొట్టిదేగానీ లావుది. పాతదీ కొత్తదీ దాదాపు ఒకటే అన్నాడు. నీ ఒరలో పట్టలేదు. వేడి చేస్తే సాగుతుందని ఎవడో వీడియోలో చెప్పాడట.”

“దేంతో వేడి చేశారు?”

“నా హెయిర్ డ్రయ్యర్‌తో.”

“పట్టుకుందెవరు?”

ఓపల్ తల దించుకుంది. “పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. ఆయన రెండు చేతులతో పిస్టల్ నొక్కుతున్నాడు, మరింకెవరు పట్టుకుంటారు?” అని, ఉన్నట్టుండి ట్రూడీ చెయ్యి పట్టుకుంది. “ఒసేయ్, నీకు తెలీదు. దాణా మిల్లులో పని మానేశాక ఆయనకి మిగిలింది ఆ కాపలా ఒక్కటే. అది పీకేస్తే రోజంతా ఇంట్లో కూర్చుని నా ప్రాణం తోడేస్తాడు. నా బతుకు చూసైనా చెప్పవే.”

“పిల్ల చచ్చిపోయేదే ఓపల్.”

“చావలేదుగా!”

ఆ మాట విన్నాక అక్క చెయ్యి తన చేతి మీద ఉండటం ట్రూడీకి జెర్రి పాకినట్టు అనిపించింది. చెయ్యి లాక్కుని వెళ్ళి సబ్బుతో కడుక్కుంది.

బుధవారం సాయంత్రం పాస్టర్ గదిలో అయిదుగురు పెద్దలు డోనట్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ట్రూడీ ఒక్కటే నిశ్చయించుకుని వెళ్ళింది. ఎవరు ఎన్ని తిట్టినా సరే, ఆ పసిపిల్లల తలుపు దగ్గర వెర్ల్ నడుముకి పిస్టల్ ఉండకూడదు. ఆ ఒక్కటి సాధించుకుంటే చాలు.

ఆమె కుర్చీలో కూర్చోకముందే వెర్ల్ లేచాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, పెళ్ళికొడుకులా తయారయ్యాడు. ఆదివారం జేబులో వేసుకున్న తూటాకి చిన్న గొలుసు వేయించి కారు తాళాలకి తగిలించుకున్నాడు.

“సిస్టర్ ట్రూడీ మీద నాకు ఏ కోపమూ లేదని మొదటే చెప్పేస్తున్నాను,” అన్నాడు. “మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు. పాపం వయసు మీద పడుతోంది, చూపు ఆనడం లేదేమో. నేను ప్రార్థనలో ఆమెని క్షమించేశాను.”

పెద్దలు “ఆమెన్” అన్నారు. ఒకాయన నోట్లో డోనట్ ఉంది, పంచదార పొడి రాలింది.

ట్రూడీ ఒరని బల్ల మీద పెట్టి, కాలి మెరిసిన చోటూ వదులైన స్క్రూనూ వేలితో చూపించింది. ఆ ఒర ఏ పిస్టల్ కోసం చేసిందో తన పుస్తకంలో రాసుకున్న పేజీ చూపించింది. అదే రకం పిస్టల్, తనది, ఖాళీది, వెంట తెచ్చుకుంది. అందులో పెట్టి తలకిందులు చేసింది. దులపనైనా దులపలేదు, బల్ల మీద దబ్బున పడింది. డ్రయ్యర్ పట్టుకుంది ఎవరో మాత్రం చెప్పలేదు.

అందరూ ఒరకేసి చూశారు, తర్వాత వెర్ల్‌కేసి చూశారు. ట్రూడీకి ప్రాణం లేచొచ్చింది. ఇంకేముంది, అయిపోయింది అనుకుంది.

వెర్ల్ ముఖం చిట్లించి, రెండు కళ్ళూ తుడుచుకున్నాడు. తడి ఉందో లేదో దేవుడికే తెలియాలి. “బ్రదర్స్,” అన్నాడు గొంతు బొంగురు చేసుకుని, “నేను విరిగి నలిగిన మనిషిని.”

అంతే. పాస్టర్ లైల్ లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మిగతావాళ్ళూ లేచి చుట్టూ మూగి తలో చెయ్యీ వేశారు. పావుగంట ప్రార్థన జరిగింది. పశ్చాత్తాపపడినవాణ్ణి వదులుకోకూడదన్నారు, లేవనెత్తాలన్నారు. కెండ్రా పేరుగానీ ఆమె పిల్ల పేరుగానీ ఆ పావుగంటలో ఒక్కసారైనా వినబడలేదు. ట్రూడీ మూసుకోని కళ్ళతో ఆ చేతుల గుత్తిని చూస్తూ కూర్చుంది. డోనట్ జిడ్డు వెర్ల్ చొక్కా మీద నాలుగు చోట్ల అంటింది. ఛీ, ఇదేనా మీ లేవనెత్తడం అనుకుంది.

“ఆయన్ని కార్లు పెట్టే చోట నిలబెట్టండి,” అంది ప్రార్థన అయ్యాక. “పిస్టల్ ఇంట్లో పెట్టి రమ్మనండి. పిల్లల దగ్గర మాత్రం వద్దు.”

“సిస్టర్, ఆ చోటు తీసేస్తే ఆయన పరువు ఏమవుతుందో ఆలోచించారా?” అన్నాడు పాస్టర్, జబ్బుమనిషికి నచ్చజెప్పినట్టు. “మీరే ఒక పని చేయండి. ఆ కొత్త పిస్టల్‌కి సరిపడే ఒర చేసిపెట్టండి. ఈసారి బాగా గట్టిగా. మీ ఇద్దరి మధ్యా సమాధానం కుదిరినట్టూ ఉంటుంది.”

“నేను చేయనంటే?”

“చేయకపోతే మానెయ్,” అన్నాడు వెర్ల్. కళ్ళు అప్పుడే ఆరిపోయాయి. “ఆన్‌లైన్‌లో నొక్కితే నాలుగు రోజుల్లో గుమ్మంలో ఉంటుంది. నైలాన్‌ది. మెత్తగా, నడుముకి హాయిగా ఉంటుందట.”

నైలాన్ ఒర అంటే గుడ్డ సంచీ. దానిమీంచి వేలితో నొక్కినా ట్రిగ్గర్ కదులుతుంది. ట్రూడీ లేచి నిలబడింది.

“రేపు పొద్దున్నే పిస్టల్ తెచ్చి నా షెడ్డులో ఇవ్వు,” అంది.

“అలా అన్నావు, బాగుంది సిస్టర్!” అంటూ ఆమె తల మీద తట్టాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి తల మీద, కుక్కపిల్లని తట్టినట్టు. ఇంటికి వెళ్ళే దారిలో ట్రూడీ కారు పక్కకి ఆపి, తలుపు తీసి ఉమ్మింది.

గురువారం వెర్ల్ పిస్టల్ ఇచ్చి వెళ్ళాడు. ఆమె తూటాలుండే మ్యాగజైన్ తీసి, గొట్టంలో తూటా లేదని రెండుసార్లు చూసుకుని, పిస్టల్ విప్పింది. లోపల ఫ్యాక్టరీలో పూసిన రాగిరంగు గ్రీజు అలాగే ఉంది, ముట్టుకోలేదు. ఆ మహానుభావుడు దాన్ని కొన్నాక ఒక్కసారి కూడా షూటింగ్ మైదానానికి తీసుకెళ్ళలేదన్నమాట. దాని జన్మలో పేలింది ఆ ఆదివారం ఒక్కసారే. గొట్టం నిండా బనియన్ నూలుపోగులు. పిడి సందుల్లో మొక్కజొన్న రొట్టె పొడి, చెమటకి తడిసి గట్టిపడింది. ఒక పొడుగాటి తెల్ల వెంట్రుక కూడా వచ్చింది. ట్రూడీ చిమటాతో ఒక్కొక్కటే లాగి చెత్తబుట్టలో పడేసింది. కాపలా అట, కాపలా. తీయడం రానివాడు, తుడవడం రానివాడు, తట్టుకోవడం మాత్రం బాగా వచ్చు. నిలబడ్డ ప్రతి అయిదు నిమిషాలకీ నడుము మీద ఒకసారి తట్టుకుంటాడు, చూసేవాళ్ళు చూడాలని.

ఒర అచ్చు తీసే ముందు పిస్టల్ మీద ఉన్న గుంటలన్నీ మైనంతో పూడ్చాలి. ఖాళీ తూటా ఎగిరిపోయే కిటికీ, మీటల కింద సందులు, వెనక గాట్లు. పూడ్చకుండా వేడి ప్లాస్టిక్ రేకు వేసి ప్రెస్సులో నొక్కితే, అది ఆ గుంటల్లోకి దిగి, చల్లారాక కొక్కెంలా పట్టేస్తుంది. పని నేర్చుకునేవాళ్ళు కొత్తలో చేసే తప్పు అది. ట్రూడీ కూడా ఒకసారి చేసింది. ఆ ఒరని రంపంతో కోసి పిస్టల్ బయటికి తీయాల్సి వచ్చింది, వాళ్ళ నాన్న నెల్లాళ్ళు ఆట పట్టించాడు.

ఆమె మైనం ముద్ద వేళ్ళ మధ్య మెత్తగా పిసికింది. మొదటి గుంట మీద పెట్టింది. పెట్టి ఆగింది.

చాలాసేపు ఆగింది. తర్వాత ఆ మైనాన్ని గోటితో గీకి తీసేసి, డబ్బాలో వేసి మూత పెట్టింది.

రేకులు ఓవెన్‌లో పెట్టి, మెత్తబడ్డాక ఉత్త పిస్టల్ మీదే వేసి నొక్కింది, ముందు సగం, వెనక సగం. రెంటినీ విడివిడిగా కోసి అంచులు నునుపు చేసింది. ఖాళీ పిస్టల్‌ని మధ్యలో కూర్చోబెట్టి రెండు సగాలూ మూసింది. ఎప్పుడూ వేసే స్క్రూల బదులు ఇత్తడి రివెట్లు కొట్టింది, తొమ్మిది. అన్నీ అయ్యాక ఒర మీద పాదం వేసి, రెండు చేతులతో పిడి పట్టుకుని, నడుము కలుక్కుమనేదాకా లాగింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

సంతోషం కలగలేదు. చేతులు మురికైనట్టు అనిపించింది. అక్కరకి వదలని ఒర ఒర కాదు, అబద్ధం. చేసిన ప్రతి ఒర లోపలా తన పేరు ముద్ర వేస్తుంది. దీని మీద వేయబుద్ధి కాలేదు. కానీ ముద్ర లేకపోతే వెర్ల్‌కి అనుమానం వస్తుంది. పళ్ళు బిగబట్టి వేసింది.

శనివారం వెర్ల్ వచ్చాడు. ఒరని తలకిందులు చేసి దులిపాడు, మళ్ళీ దులిపాడు, బల్లకేసి కొట్టాడు.

“అబ్బో! రాయిలా ఉందే! ఇది కదా పని అంటే!”

“లాగకు,” అంది ట్రూడీ, అతని చెయ్యి పిడి మీదకి వెళ్ళబోతుంటే. “నా షెడ్డులో పిస్టల్ దూయకూడదు, నీకు తెలుసు. ఇంట్లో కూడా అస్తమానం తీసి పెట్టకు. విప్పేటప్పుడు ఒరతో సహా విప్పి పెట్టెలో పెట్టు. తీసి పెట్టడంలోనే చాలామంది కాల్చుకుంటారు.”

అది నిజమే. ఎక్కడైనా అలాగే నేర్పుతారు. వెర్ల్ అన్నీ తెలిసినవాడిలా తల ఊపి, మ్యాగజైన్‌ని కిందనుంచి పిడిలోకి తోసి, నడుముకి తగిలించుకున్నాడు. గొట్టంలోకి తూటా ఎక్కాలంటే పైభాగం వెనక్కి లాగాలనీ, ఒరలో ఉండగా అది కదలదనీ అతనికి తట్టనేలేదు. అద్దంలో పక్కకి తిరిగి చూసుకుని, ఒకసారి తట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధన మొదలవుతుండగా ట్రూడీ నెమ్మదిగా లేచి నడవాలోకి వచ్చింది. పసిపిల్లల తలుపు పక్కన వెర్ల్ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. పిల్లల్ని అప్పగించి వెళ్ళే తల్లులు ఒక్కొక్కరూ “థాంక్యూ బ్రదర్ వెర్ల్” అని అతని చెయ్యి నొక్కి వెళ్తున్నారు. ఒకామెకి తాళాల గుత్తికి తగిలించిన తూటా చూపించి, దేవుడు కాపాడిన తీరుకి సాక్ష్యం చెబుతున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. ఆ కన్నీళ్ళు చూస్తే ట్రూడీకి రోత పుట్టింది.

ట్రూడీ అతన్ని దాటి గదిలోకి వెళ్ళింది. లోపల కెండ్రా పిల్లని చంకన వేసుకుని గోడ మూల నిలబడింది. బట్టలు మార్చే బల్ల దగ్గరికి వెళ్ళడం మానేసింది, పిల్లలకి నేల మీదే దుప్పటి పరిచి మారుస్తోంది. చొక్కా ముందు భాగమంతా పాల మరకలు, కళ్ళ కింద నలుపు.

“మళ్ళీ పెట్టారు ఆయన్నే,” అంది గొంతు తగ్గించి. “మానేద్దామనుకున్నాను మిస్ ట్రూడీ. నేను మానేస్తే మిగతా పదిమంది పిల్లల్ని ఎవరు చూస్తారు? ఆయన అలా తట్టుకున్నప్పుడల్లా నాకు గుండె ఆగిపోతోంది.”

ట్రూడీ తలుపు దగ్గరికి వేసి, ఆమె చెవి దగ్గర వంగింది.

“అది బయటికి రాదు.”

“గట్టిగా చేశారా?”

“గట్టిగా కాదే పిచ్చిదానా. రాదు. వాడు కాదు, వాడి తాత వచ్చి లాగినా రాదు. రంపం పెట్టి కోయాలి. లోపల తూటా కూడా ఎక్కలేదు. ఎవరితోనూ అనకు.”

కెండ్రా అర్థం కానట్టు చూసింది, అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. చంకలో పిల్ల ఆమె జుట్టు పట్టుకుని లాగింది. అంతలోనే ముఖం మళ్ళీ మారిపోయింది.

“మరి నిజంగానే ఎవడైనా తుపాకీ పట్టుకుని వస్తే?”

ట్రూడీ జవాబు చెప్పకుండా తలుపు వైపు చూపించింది. లోపలి వైపు, చేతికందే ఎత్తులో, మోచేయంత ఉక్కు గొళ్ళెం బిగించి ఉంది. కొత్త స్క్రూలు ఇంకా మెరుస్తున్నాయి.

“నిన్న మధ్యాహ్నం వచ్చి నేనే బిగించాను. ఇన్నేళ్ళలో ఈ తలుపుకి గొళ్ళెం పెడదామని వాళ్ళలో ఒక్కడికీ తోచలేదు.”

“గొళ్ళెం వేసుకుంటే ఆయన బయటే ఉండిపోతాడు కదా?”

“ఉండనీ,” అంది ట్రూడీ. “కాపలాకి వచ్చాడుగా.”